వెబ్‌సైటుకూ కావాలి జీవన ధ్రువపత్రం

నవంబరు మాసం వచ్చిందంటే పింఛనుదారుల ఇళ్ళలో ఒక పని తప్పనిసరి. తాము జీవించి ఉన్నామని పింఛను ఇచ్చే బ్యాంకుకు ధ్రువపత్రం సమర్పించాలి. మనిషి ఎదుట నిలబడి ఉన్నా కాగితం లేనిదే పని జరుగదు. 2014 నవంబరు 10వ తేదీన ‘జీవన్ ప్రమాణ్’ పథకం ప్రారంభమైన తరువాత వేలిముద్రతోనే ఈ పని పూర్తిచేసుకొనే వీలు కలిగింది. అదే నెల 18వ తేదీన అమెరికాలో మరొక ప్రకటన వెలువడింది. వెబ్‌సైట్లకు భద్రతా ధ్రువపత్రాలను ఉచితంగా, మనిషి ప్రమేయం లేకుండా జారీచేసే ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ ఏర్పాటు కానున్నదని దాని సారాంశం. ఈ రెండింటికీ పరస్పర సంబంధం లేదు. అయితే రెండూ తీర్చదలచిన చిక్కు ఒక్కటే: ‘నేను నేనే’ అని పదే పదే, శ్రమ లేకుండా నిరూపించుకోవడం ఎలా?

నిమ్‌పురాలో ఎదురైన ప్రశ్న

నిమ్‌పురా అనగానే రైల్వేవారికి ఖరగ్‌పూర్ దగ్గరి గూడ్సు యార్డు గుర్తుకు వస్తుంది. మాకు మాత్రం అక్కడి తెలుగు పలకరింపులు గుర్తుకు వస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో నేటికీ ఉన్నాయి. కొంతకాలం క్రితం అక్కడి బంధువుల ఇంటికి వెళ్ళినపుడు పొరుగింటి పెద్దావిడ మమ్ములను పిలిచారు. తన పింఛను వివరాలు చూపే వెబ్‌సైటు తెరవగానే ‘ఇది సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక కనబడిందట.

“నొక్కేయి మామ్మా, ఏమీ కాదు అంటున్నాడు మనవడు. నొక్కమంటావా బాబూ?” అని ఆమె అడిగారు.

చూడగా, ఆ వెబ్‌సైటు ధ్రువపత్రానికి రెండు రోజుల క్రితమే గడువు తీరిపోయింది. దాని నిర్వహణ బాధ్యతలో మాకూ కొంత పాలు ఉన్నది. విచారించగా తేలినది ఇది: గడువును గుర్తుచేసే ఉత్తరాలు బదిలీపై వెళ్ళిపోయిన ఉద్యోగి పాత చిరునామాకు చేరుతూ ఉన్నాయి, వాటిని చూసే నాథుడు లేడు. ఇందులో దుర్బుద్ధి ఎవరిదీ కాదు, మరపు మాత్రం అందరిదీ.

అంతకంటె ఆందోళన కలిగించిన మాట ఆమె తరువాత చెప్పారు. వారం క్రితం బ్యాంకు పేరుతో వచ్చిన ఒక లింకుకు కూడా ఇటువంటి హెచ్చరికే వచ్చిందట. మనవడి మాట గుర్తుంచుకొని ఆమె ముందుకు నొక్కారు. రహస్య సంఖ్య అడిగేసరికి అనుమానం వచ్చి ఆగిపోయారు. మన అశ్రద్ధ వలన మన పింఛనుదారులే హెచ్చరికలను లెక్కచేయకుండుటకు అలవాటు పడుతున్నారన్న మాట!

ధ్రువపత్రం చేసే పని

మనం వెబ్‌సైటు తెరచినపుడు మన కంప్యూటరుకు, అవతలి సర్వరుకు మధ్య సమాచారం సంకేత రూపంలో ప్రయాణిస్తుంది. అయితే అవతల ఉన్నది అసలు వాడేనా? ఆ సంగతిని మూడవ పక్షమైన ధ్రువీకరణ సంస్థ సంతకం చేసి చెబుతుంది. సంతకం చేయుటకు ముందు, ఫలానా పేరు అడుగుతున్నవారి అధీనంలోనే ఉన్నదా అని అది పరీక్షిస్తుంది. ఆ పరీక్షకు గల మార్గాలలో డి.ఎన్.ఎస్. ద్వారా జరిగేది ముఖ్యమైనది.

డి.ఎన్.ఎస్. అనగా ఇంటర్నెట్టు పేర్ల పట్టిక. 1983లో పాల్ మోకాపెట్రిస్ దీనిని రూపొందించారు. పేరు చెబితే సర్వరు చిరునామా చూపడం దీని ప్రధాన కర్తవ్యం. చిరునామాతో పాటు చిన్న పాఠ్యాన్ని కూడా ఇందులో వ్రాయవచ్చును. యజమాని అనుమతి పొందినవారు మాత్రమే వ్రాయగలరు, లోకమంతా చదవగలదు. ఈ గుణమే పరీక్షకు ఆధారం.

పరీక్ష జరిగే తీరు

రైల్వే కుటుంబాలకు టోకెను కొత్త కాదు. ఒంటి లైనుపై డ్రైవరు చేతికి బంతి టోకెను అందనిదే బండి కదిలేది కాదు. ఇక్కడ కూడా మొదట సర్వరులోని ప్రోగ్రాము ధ్రువపత్రం కోరుతుంది. సంస్థ ఒక టోకెను పంపుతుంది. ప్రోగ్రాము దానిని తన ఖాతా తాళపు గుర్తుతో కలిపి, గణితం ద్వారా ఒక అక్షరమాలగా మార్చి, ‘ఆక్మీ-ఛాలెంజ్’ అనే ప్రత్యేకమైన పేరు క్రింద పట్టికలో వ్రాస్తుంది. సంస్థ ఆ పట్టికను చదివి, సరిపోయినచో ధ్రువపత్రం జారీచేస్తుంది. తరువాత ప్రోగ్రాము పట్టికలోని వ్రాతను చెరిపివేస్తుంది. ఈ సంభాషణా నియమావళి పేరే ‘ఆక్మీ’. 2019 మార్చిలో ఆర్.ఎఫ్.సి. 8555గా ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది.

ఈ పద్ధతికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. సర్వరు బయటి ప్రపంచానికి తెరచి ఉండనవసరం లేదు. కార్యాలయం లోపలి సర్వరుకూ ధ్రువపత్రం పొందవచ్చును. రెండవది, ఒకే పేరు క్రింద ఉన్న శాఖలన్నిటికీ కలిపి ఒకే ధ్రువపత్రం తీసుకోవచ్చును. ఇండియన్‌రైల్వేస్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే పేరు క్రింద ఆగ్నేయ రైల్వే, దక్షిణ మధ్య రైల్వే మొదలైన జోనుల పేర్లు ఉన్న తీరును గమనిస్తే ఇట్టి సౌకర్యం విలువ తెలుస్తుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2018 మార్చి నుండి ఇటువంటి ధ్రువపత్రాలు ఇస్తున్నది, వాటికి డి.ఎన్.ఎస్. పరీక్షనే విధించింది.

ఇక చేతితో సాగదు

లోగడ ధ్రువపత్రం గడువు ఏళ్ళ తరబడి ఉండేది. 2020 సెప్టెంబరు నుండి 398 రోజులకు మించరాదన్నారు. 2025 ఏప్రిల్‌లో ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజరు తయారీదారులు కలిసి చేసిన తీర్మానం ప్రకారం ఈ పరిమితి 2026 మార్చి 15 నుండి 200 రోజులు, 2027 మార్చి 15 నుండి 100 రోజులు, 2029 మార్చి 15 నుండి 47 రోజులు. తాళం దొంగల పాలైనా నష్టం కొద్ది రోజులకే పరిమితం కావాలన్నది ఇందలి ఉద్దేశం. ఏడాదికి ఒక్కసారి చేయవలసిన పనినే మరచిన మనం, ఏడాదికి ఎనిమిదిసార్లు చేతితో చేయగలమా?

అయితే యంత్రానికి అప్పగించి నిద్రపోరాదు. పట్టికలో వ్రాసే అధికారం దొంగ చేతికి చిక్కితే పేరు మొత్తం వాడి వశమవుతుంది. కావున పరీక్షకు సంబంధించిన ఆ ఒక్క పేరును వేరొక పట్టికకు మళ్ళించి, ప్రోగ్రాముకు అక్కడ మాత్రమే అధికారం ఇవ్వాలి. గడువును వేరొక యంత్రం ప్రతిదినం చూస్తూ ఉండాలి. దాని హెచ్చరిక వ్యక్తికి గాక పదవికి చేరాలి. గడువు గుర్తుచేసే ఉత్తరాలను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో నిలిపివేసింది గనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

మేము పాలుపంచుకొనే ఆ వెబ్‌సైటుకు ఇపుడు ఈ ఏర్పాటు చేశాము. గడువుకు ముప్పది రోజుల ముందే కొత్త ధ్రువపత్రం దానంతట అదే వస్తున్నది.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. హెచ్చరిక వస్తే ముందుకు నొక్కవద్దు. సంబంధిత కార్యాలయానికి తెలియజేయండి. హెచ్చరిక రానంత మాత్రాన అవతలివాడు నిజాయితీపరుడని కూడా భావించవద్దు. ధ్రువపత్రం పేరుకు హామీ ఇస్తుందే గాని మనిషి గుణానికి కాదు. మోసగాడు కూడా తన పేరుకు ధ్రువపత్రం పొందగలడు. కనుక పేరును అక్షరం అక్షరం చదవండి.

ఆనాడు నిమ్‌పురాలోని ఆ పెద్దావిడకు మేము “నొక్కవద్దమ్మా, తప్పు మాది” అని సమాధానం చెప్పాము. ఆ మాట మరల చెప్పవలసిన అవసరం రాకుండా చూచుట మన ఇంజనీర్ల బాధ్యత.