డీఎక్స్7లో మన సౌండ్ మనమే చేసుకుందాం: సాఫ్ట్‌వేర్ ఉన్నా, లేకపోయినా

మాదాపూర్, గచ్చిబౌలి వైపు పగలంతా కోడ్ రాసి, రాత్రి రూమ్‌కొచ్చి కీబోర్డ్ ముందు కూర్చునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఈ ఎపిసోడ్ వాళ్ల కోసం. పాత డిజిటల్ సింథసైజర్ ఒకటి చేతికొచ్చింది అనుకోండి. దాంట్లో సొంతంగా సౌండ్ చేయాలంటే ల్యాప్‌టాప్‌లో ఎడిటర్ ఉండాలా, మెషిన్ మీదున్న బటన్లు చాలా? యమహా డీఎక్స్7 తీసుకుని చూద్దాం.

ఇది 1983లో వచ్చింది. మన సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. అంటే హైటెక్ సిటీ కంటే ఈ మెషిన్ 15 ఏళ్లు పెద్దది! 61 కీలు, ఒకేసారి 16 నోట్లు, లోపల 32 సౌండ్లు దాచుకునే మెమరీ. తిప్పడానికి నాబ్‌లు ఉండవు. వరసగా బటన్లు, విలువ మార్చడానికి ఒక స్లైడర్, రెండు లైన్ల బుల్లి డిస్‌ప్లే, అంతే. పేరు కాకుండా ఒక్కో సౌండ్‌కి 145 సెట్టింగ్‌లు ఉంటాయి. అది చూసే చాలామంది "మనవల్ల కాదు బాబోయ్" అని వదిలేస్తారు. కానీ ఇందులో ఒక్క జత అర్థమైతే చాలు, మిగతాది దాని వెనకాలే వస్తుంది.

ఆ జత ఏంటో చెప్తాను. మన సంగీతంలో కంపితం ఉంది కదా, స్వరాన్ని పైకీ కిందకీ ఊపడం. ఆ ఊపుని సెకనుకి ఐదారుసార్లు కాకుండా వందలసార్లు చేస్తే ఏమవుతుంది? చెవికి ఊపు తెలియదు. స్వరం రంగే మారిపోతుంది. 1967లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ పట్టుకున్నది ఇదే. దీని పేరు ఎఫ్ఎం సింథసిస్. తర్వాత యమహా దాని లైసెన్స్ తీసుకుంది. స్మార్ట్‌ఫోన్లు రాకముందు చాలా ఫోన్లలో పాలీఫోనిక్ రింగ్‌టోన్లు వాయించింది కూడా యమహా ఎఫ్ఎం చిప్‌లే.

డీఎక్స్7లో ఇలాంటి స్వరాలు పుట్టించే ఆపరేటర్లు ఆరు. మనకి వినిపించేది క్యారియర్. దాన్ని ఊపేది మాడ్యులేటర్. ఎవరు ఎవర్ని ఊపాలో చెప్పే పటాలు 32 ఉన్నాయి, వాటినే అల్గారిథమ్‌లు అంటారు. ఆ బొమ్మలు మెషిన్ పైనే ముద్రించి ఉంటాయి, చూసుకోవచ్చు.

ఇప్పుడు చేసి చూద్దాం, ముందు సాఫ్ట్‌వేర్ లేకుండా. ఫంక్షన్ మోడ్‌లో వాయిస్ ఇనిట్ కొట్టండి. అన్నీ ఖాళీ అయి, ఒకటో ఆపరేటర్ మాత్రమే మోగుతుంది. ఈల లాంటి సాదా శబ్దం. ఇప్పుడు ఎడిట్ మోడ్‌కి వచ్చి రెండో ఆపరేటర్ అవుట్‌పుట్ లెవెల్‌ని సున్నా నుంచి మెల్లగా 80 దాకా తీసుకెళ్లండి. శబ్దం పదునెక్కుతుంది. తర్వాత దాని ఫ్రీక్వెన్సీ కోర్స్ 14 చేయండి. లోహం మీద తట్టినట్టు గణగణ వస్తుంది. 80లలో ఎక్కడ చూసినా వినిపించిన "ఈ పియానో 1" సౌండ్‌లో ఆ టింగ్ అనే మొదటి దెబ్బ ఇలాంటి 14 నుంచే వస్తుంది. చివరగా ఆ రెండో ఆపరేటర్ ఎన్వలప్ త్వరగా పడిపోయేలా పెట్టండి. దెబ్బ పదునుగా మొదలై మెత్తబడుతుంది. మీటిన తీగ స్వభావం వచ్చేసింది!

ఒకటి నుంచి ఆరు దాకా బటన్లు ఎడిట్ మోడ్‌లో ఒక్కో ఆపరేటర్‌ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తాయి. నచ్చిన సౌండ్ ఏదైనా తెరిచి ఒక్కొక్కటే ఆపుతూ వినండి. ఏది ఏం పని చేస్తోందో చెవికే తెలిసిపోతుంది. నా లెక్కలో దీన్ని మించిన పాఠం లేదు.

మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు? ఎన్వలప్ కోసం. ఒక్కో ఆపరేటర్‌కి నాలుగు రేట్లు, నాలుగు లెవెళ్లు. ఆరింటికి కలిపి 48 అంకెలు. బుల్లి డిస్‌ప్లేలో ఒక్కో అంకె చూస్తూ ఆ ఆకారం ఊహించుకోవడం కష్టం. డెక్స్‌డ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అది గీతలాగా కనిపిస్తుంది. డీఎక్స్7 లేకపోయినా డెక్స్‌డ్ తనే ఆ శబ్దం ఇస్తుంది. ఉంటే మిడి కేబుల్స్‌తో కలిపి ఎడిటర్‌గా వాడుకోవచ్చు. కాబట్టి నేర్చుకోవడం బటన్ల మీద, చెక్కడం స్క్రీన్ మీద. నేను చేసేది ఇలాగే.

కానీ బటన్లతోనే పని చేసేవాళ్లకి కూడా కంప్యూటర్ బాగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఆ 32 సౌండ్లనీ పట్టి ఉంచేది లోపలున్న 3 వోల్టుల చిన్న బ్యాటరీ. అది అయిపోతే మెమరీ మొత్తం పోతుంది. యమహా ఇచ్చిన సౌండ్లు పోయినా పర్లేదు, వాటి ఫైళ్లు నెట్‌లో దొరుకుతాయి. మొదటి ఫ్యాక్టరీ బ్యాంక్‌లో జపాన్ వాళ్ల కోటో ఉంది, మన వీణ లేదు. పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయించిన బాబాయి ఎవరో రాత్రుళ్లు కూర్చుని సన్నాయి కోసమో వీణ కోసమో చేసుకున్న సౌండ్ ఆ ఒక్క మెషిన్‌లోనే ఉంటుంది. ఇంకెక్కడా కాపీ ఉండదు. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు కదా.

అందుకే పాత డీఎక్స్7 ఇంటికి రాగానే ముందు బ్యాకప్, తర్వాతే ప్రయోగాలు. మెషిన్ మిడి అవుట్‌ని ఇంటర్‌ఫేస్ మిడి ఇన్‌కి కలపండి. ఫంక్షన్ మోడ్‌లో మిడి సెట్టింగ్‌కి వెళ్లి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌ని అవైలబుల్ చేసి, ట్రాన్స్‌మిట్‌కి ఎస్ కొట్టండి. సెకనున్నర లోపే 32 సౌండ్లూ వచ్చేస్తాయి. సేవ్ అయిన ఫైల్ సరిగ్గా 4104 బైట్లు ఉండాలి. తక్కువుంటే మధ్యలో డేటా పోయినట్టే. చవక యూఎస్‌బీ మిడి కేబుల్స్‌తో ఇలా జరుగుతుంటుంది, వేరేదాంతో మళ్లీ తీయండి. తర్వాత ఆ ఫైల్‌ని డెక్స్‌డ్‌లో తెరిచి, వాయించి చూసుకోండి. అప్పుడే బ్యాటరీ మార్పించండి. అది బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి తెలిసిన టెక్నీషియన్‌కే ఇవ్వండి. సౌండ్లు తిరిగి ఎక్కించేటప్పుడు మాత్రం మెమరీ ప్రొటెక్ట్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏ అటక మీదైనా ఇలాంటి మెషిన్ ఉంటే ఈ వీకెండే దించండి. బ్యాటరీ మనకోసం ఆగదు. వచ్చే ఎపిసోడ్‌లో ఒకటో అల్గారిథమ్‌తో వీణ సౌండ్ మొదటి నుంచి కట్టుకుందాం. అందాకా సెలవు.