పన్నెండు మెట్ల కిన్నెర: నిర్మాణం, మరమ్మతు

పాత పన్నెండు తంత్రుల గిటారులో పై పలక ఉబ్బడం సాధారణ దోషం. తంత్రుల లాగుడంతా ఆ పలకకు అతికిన గుర్రంపై పడటమే ఇందుకు కారణం. పాలమూరు డక్కలి కళాకారుల పన్నెండు మెట్ల కిన్నెర నిర్మాణం వేరు. ఇందులో లాగుడును వెదురు దండి భరిస్తుంది. ఎండు సొరబుర్రలు నాదాన్ని పెంచుతాయి.

కిన్నెరలో సున్నితమైన భాగం మెట్లే. పూర్వం అలుగు పొలుసులను తేనెమైనంతో దండిపై నిలిపేవారు. ఎండ ముదిరితే మైనం మెత్తబడుతుంది. మెట్టు రవ్వంత జరిగినా స్వరం మారుతుంది. కాబట్టి మరమ్మతు అంటే మెట్టును అతికించడమే కాదు, దాని స్థానాన్ని చెవితో తిరిగి నిర్ణయించడం కూడా.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అలుగు ఉన్నందున, మరమ్మతుకు ప్రత్యామ్నాయ పదార్థం తప్పనిసరి. పదార్థం మారినా కొలత మారకూడదు.

నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ లభించడంతో ఈ వాద్యం దేశమంతటికీ తెలిసింది. పండుగ సాయన్న వంటి వీరుల కథాగేయాల పాఠాలతో పాటు దండి పొడవును, మెట్ల మధ్య దూరాలను, బుర్రల పరిమాణాన్ని కూడా పరిశోధకులు నమోదు చేయాలి. లేకుంటే పాట మిగిలినా దాని శ్రుతి మిగలదు.