పరిమిత బాధ్యత: వ్యాపార స్వరూపం ఎంపికలో పరిమితి ఎవరికి?

వ్యాససంగ్రహం:
వ్యాపారం చేసిన అప్పు వ్యాపారి ఇంటివరకు వస్తుందా, రాదా అన్నది ఆ వ్యాపారానికి ఎంచుకున్న చట్టపరమైన స్వరూపాన్ని బట్టి ఉంటుంది. సొంత వ్యాపారం, భాగస్వామ్యం, కంపెనీ, పరిమిత బాధ్యత భాగస్వామ్యం అనే స్వరూపాలలో బాధ్యత ఎలా నిర్ణయమవుతుందో, వ్యక్తిగత పూచీకత్తు ఆ పరిమితిని ఎలా నిష్ఫలం చేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరిమిత బాధ్యత, భాగస్వామ్యం, కంపెనీ, పూచీకత్తు, దివాలా.

1. ఉపోద్ఘాతం:
అప్పులు తీర్చలేని వ్యాపారి గురించి ‘ఐ.పి. పెట్టాడు’ అనడం తెలుగునాట వాడుక. దివాలా కోరుతూ కోర్టులో వేసే ‘ఇన్‌సాల్వెన్సీ పిటిషన్’కు అది సంక్షిప్త రూపం. ఈ వాడుకలో వ్యాపారం, వ్యాపారి వేరు కావు. దివాలా తీసేది దుకాణం కాదు, మనిషి. దీనికి భిన్నమైన భావన కంపెనీల పేర్ల చివర కనిపించే ‘లిమిటెడ్’ అనే మాటలో ఉంది. దానిని ‘పరిమిత బాధ్యత గల కంపెనీ’ అని తెలుగు చేసినప్పుడు విశేషణం కంపెనీకి అన్వయిస్తుంది. కాని చట్టం ప్రకారం కంపెనీ బాధ్యతకు పరిమితి లేదు. తన ఆస్తి మొత్తంతో అది అప్పులు తీర్చవలసిందే. పరిమితి ఉన్నది వాటాదారుల బాధ్యతకు. కాబట్టి ‘సభ్యుల బాధ్యత పరిమితమైన కంపెనీ’ అన్నదే సరైన అర్థం.

2. పరిమితి లేని స్వరూపాలు:
సొంత వ్యాపారానికి యజమాని నుంచి వేరైన చట్టపరమైన ఉనికి లేదు. దుకాణం అప్పు యజమాని అప్పే. భాగస్వామ్యంలో బాధ్యత మరింత విస్తృతం. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం సంస్థ అప్పులకు భాగస్వాములందరూ ఉమ్మడిగానూ, ఎవరికి వారుగానూ బాధ్యులు.

ఉదాహరణకు, గుంటూరులో ఇద్దరు మిత్రులు చెరి 5 లక్షల రూపాయలతో మిర్చి వ్యాపారం ప్రారంభించారనుకుందాం. ధర పడిపోయింది. సంస్థ ఆస్తులన్నీ అమ్మినా 30 లక్షల అప్పు మిగిలింది. ఒకరికి సొంత ఇల్లు ఉంది, రెండోవారికి ఏ ఆస్తీ లేదు. అప్పుదాతలు మొత్తం 30 లక్షలనూ ఇల్లున్న భాగస్వామి నుంచే రాబట్టుకోవచ్చు. ‘నా వాటా సగమే’ అన్న వాదం అక్కడ చెల్లదు. అది భాగస్వాముల మధ్య తేల్చుకోవలసిన లెక్క.

3. పరిమితి ఉన్న స్వరూపాలు:
భారతదేశంలో 1850 నాటి చట్టం కంపెనీల నమోదుకు అవకాశం ఇచ్చినా, సభ్యులకు పరిమిత బాధ్యతను కల్పించింది 1857 నాటి చట్టం. బ్యాంకులకు అది 1860లో విస్తరించింది. ఈ భావనకు గట్టి పునాది వేసిన తీర్పు 1896లో ‘సాలమన్’ కేసులో వెలువడింది. తోలు బూట్ల వ్యాపారి అయిన సాలమన్ తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చి, దాదాపు వాటాలన్నీ తన పేరనే ఉంచుకున్నాడు. ఆ కంపెనీ దివాలా తీసినప్పుడు, కంపెనీ వేరు, సాలమన్ వేరు అని ఇంగ్లండులోని హౌస్ ఆఫ్ లార్డ్స్ నిర్ణయించింది.

పై మిత్రులు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి ఉంటే ఫలితం మారుతుంది. వాటాల సొమ్ము పూర్తిగా చెల్లించి ఉంటే వారు పోగొట్టుకునేది ఆ 5 లక్షలే. 3 లక్షలే చెల్లించి ఉంటే, మిగిలిన 2 లక్షలకు బాధ్యులు. 2013 కంపెనీల చట్టం ఏకవ్యక్తి కంపెనీకి కూడా వీలు కల్పించింది. 2008 నాటి చట్టంతో వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్యంలో తోటి భాగస్వామి తప్పుకు మరొకరు వ్యక్తిగతంగా బాధ్యులు కారు. ఎవరి తప్పుకు వారే బాధ్యులు. మోసం చేసే ఉద్దేశంతో వ్యాపారం నడిపినవారికి ఏ స్వరూపంలోనూ ఈ రక్షణ లేదు.

4. పూచీకత్తు – పరిమితి తొలగే మార్గం:
చిన్న కంపెనీకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకులు సాధారణంగా డైరెక్టర్ల వ్యక్తిగత పూచీకత్తు కోరుతాయి. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా చెప్పకపోతే, పూచీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. అంటే కంపెనీ చట్టం ఇచ్చిన రక్షణను ఆ ఒక్క సంతకంతో డైరెక్టరు వదులుకుంటున్నాడు. కంపెనీల అప్పులకు పూచీ ఉన్న వ్యక్తులపై 2016 దివాలా స్మృతి కింద చర్యలు తీసుకునే నిబంధనలు 2019 డిసెంబర్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2021లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. కంపెనీ అప్పులకు పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందినంత మాత్రాన పూచీదారు విముక్తుడు కాడని కూడా స్పష్టం చేసింది.

దీనికి మరో పార్శ్వం ఉంది. బ్యాంకు పూచీకత్తు తీసుకోగలదు. అదే కంపెనీకి అరువు మీద సరుకిచ్చిన రైతుకు సాధారణంగా అటువంటి పూచీ ఉండదు. కంపెనీ మూతపడితే, డైరెక్టరు ఇంటిని బ్యాంకు వేలం వేయించగలదు. రైతుకు మాత్రం కంపెనీలో ఏమైనా మిగిలితేనే ఆశ. పరిమిత బాధ్యత నష్టాన్ని లేకుండా చేయదు. అది ఎవరి మీద పడాలో మాత్రమే మారుస్తుంది.

5. ముగింపు:
నమోదు ఖర్చు, పన్ను, ఆడిట్ వంటివి వ్యాపార స్వరూపం ఎంపికలో పరిశీలించదగినవే. వాటికన్నా ముందు తేల్చుకోవలసినది, అప్పు తీరకపోతే ఎవరి ఆస్తి పోతుంది అన్నది. దానికి సమాధానం నమోదు పత్రంలో సగమే దొరుకుతుంది. మిగతా సగం రుణపత్రాలతో పాటు సంతకం పెట్టించుకునే పూచీకత్తు పత్రంలో ఉంటుంది. పేరు చివర ‘లిమిటెడ్’ అని ఉన్నంత మాత్రాన ఇల్లు భద్రమని వ్యాపారి భావించరాదు. అదే మాట చూసి, తన బాకీకి యజమాని ఆస్తి హామీగా ఉందని సరుకిచ్చేవారూ భావించరాదు.