హోరులోంచి అమ్మమ్మ గొంతు
పాత క్యాసెట్లకు కొత్త విద్య

ముదినేపల్లి: పెళ్లిపందిట్లో అమ్మమ్మ మంగళహారతి పాడుతోంది. వెనక డోలు, సన్నాయి, పిల్లల గోల, జనరేటరు హోరు. పక్కన పెట్టిన టేప్‌రికార్డరు అన్నింటినీ కలగాపులగంగా ఒకే టేపు మీదకు ఎక్కించేసింది. 1980 ప్రాంతంలో అలా నింపిన క్యాసెట్లు నేటికీ పల్లెటూళ్ల ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున పడి ఉన్నాయి. హరికథలు, ఊడ్పుపాటలు, గల్ఫ్ వెళ్లినవారు ఉత్తరాలకు బదులు నింపి పంపిన మాటలు వాటిలో ఉన్నాయి. ఆ పాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు.

ఒకసారి కలిసిపోయిన శబ్దాలను మళ్లీ విడదీయడం మొన్నమొన్నటి వరకు పెద్ద స్టూడియోలకే గగనంగా ఉండేది. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంసను గురించి వినడమే గాని చూసినవారు లేరు. కృత్రిమ మేధ ఆ పని చేస్తోంది. 2019లో ఫ్రాన్సుకు చెందిన డీజర్ సంస్థ ‘స్ప్లీటర్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామును ఉచితంగా విడుదల చేసింది. గొంతు, డ్రమ్ములు, బేసు, పియానో, మిగతావి అంటూ పాటను అయిదు పాళ్లుగా విడగొట్టగలదు. ఆ పాళ్లను కావలసిన మోతాదులో తిరిగి కలిపితే హోరు తగ్గి గొంతు పైకి వస్తుంది.

ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ కూడా ఇంటి క్యాసెట్టే. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ 1970ల చివర న్యూయార్కులోని తన ఇంట్లో పియానో వాయిస్తూ ఒక పాట రికార్డు చేసుకున్నాడు. 1980లో హత్యకు గురయ్యాడు. 1995లో మిగతా ముగ్గురూ ఆ పాటను పూర్తిచేయబోతే పియానో మోతలో గొంతు తేలలేదు, వదిలేశారు. చివరకు యంత్రం ఆ గొంతును విడదీయగా 2023 నవంబరులో పాట విడుదలైంది. 2025లో గ్రామీ బహుమతి కూడా వచ్చింది.

అలాగని యంత్రాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. గొంతు వేరుగా, వాయిద్యాలు వేరుగా రికార్డయిన పాటలు విని విని అది నేర్చుకుంటుంది. నేర్చినవి ఎక్కువగా పాశ్చాత్యుల పాటలు. హార్మోనియానికి అందులో వేరే అర లేదు. సన్నాయిని మనిషి గొంతుగా పొరబడే వీలుంది. ఒక్కోసారి గొంతు నీళ్లలోంచి పలికినట్టు వినిపిస్తుంది. టేపు మీద అసలు పడని మాటను మాత్రం తేలేదు. తెచ్చినట్టు కనిపిస్తే అది కల్పితమే. దివంగత ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును తమ అనుమతి లేకుండా కృత్రిమ మేధతో ఒక సినిమాలో సృష్టించారంటూ ఆయన కుమారుడు చరణ్ 2024లో లాయరు నోటీసు పంపించారు. ఉన్న గొంతును వేరుచేయడం వేరు, లేని గొంతును పుట్టించడం వేరు. ఇంట్లోవారి గొంతును ముక్కూమొహం తెలియని వారి చేతుల్లో పెట్టేముందు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు తొందర టేపుల గురించే. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాట ఒకచోట పోయినా వెయ్యి చోట్ల దొరుకుతుంది. ఇంటి క్యాసెట్టుకు రెండో ప్రతి ఉండదు. కొల్లేటి తేమకు, చుట్టూ చేపల చెరువులకు టేపు బూజు పడుతుంది. తెల్లగా బూజు కనిపించిన క్యాసెట్టును ప్లేయరులో పెట్టకూడదు, అది హెడ్డుకు అంటి మిగతావాటికీ పాకుతుంది. బాగున్నదాని వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలను ముందుగా విరిచేస్తే పొరపాటున దాని మీద మరొకటి రికార్డు కాదు. ఆపైన ప్లేయరును వైరుతో కంప్యూటరుకు కలిపి, ఎంపీత్రీగా కుదించకుండా వేవ్ ఫైలుగా ఎక్కించి, రెండు చోట్ల దాచాలి.

విడదీయని రికార్డును చెరిపేయకూడదు. హోరని తీసి పక్కన పెట్టినదాంట్లో తాతయ్య ఎవరినో భోజనానికి పిలిచిన కేక ఉండవచ్చు. గంట క్యాసెట్టు ఎక్కడానికి గంట పడుతుంది. సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు రోజుకు రెండు చొప్పున ఎక్కించినా, ఒక పెట్టె ఖాళీ అవుతుంది.