గోడ మీద ఎవరి కథ?

ఫ్లైఓవర్ స్తంభాలకు, పార్కు ప్రహరీలకు, సర్కారు బడి గోడలకు బొమ్మలు వేయించడం ఇప్పుడు తెలుగు నగరాల్లో మామూలు పని. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పక్కనున్న ఎం.ఎస్. మక్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ చిత్రకారుల్ని పిలిపించి ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించింది. చిన్న మునిసిపాలిటీలు కూడా ఇప్పుడు ఈ దారి పట్టాయి. ఇలాంటి పనిని ప్రజాకళ (అందరూ తిరిగే చోట, అందరి కోసం నిలబెట్టే చిత్రం లేదా శిల్పం) అంటున్నారు. ఊరి చరిత్ర, ఊరి సంస్కృతి కనబడాలన్నది వేయించేవారి కోరిక. మంచి కోరికే. కానీ పూర్తయిన గోడలు చూస్తే చాలాచోట్ల అవే నెమళ్లు, అదే ఎడ్లబండి, అదే బతుకమ్మ, అదే బుద్ధుడు. ఆ ఊరి కథ మాత్రం కనబడదు. గీసేవాళ్లకు చెయ్యి తిరగక కాదు. కారణం పని అప్పగించే తీరులో ఉంది.

ఆ తీరు ఇలా ఉంటుంది. గోడచిత్రాన్ని సాధారణంగా రంగుల పని కిందే లెక్క కడతారు. చదరపు అడుగుకు ఇంత అని అంచనా వేస్తారు. టెండరు పిలుస్తారు. తక్కువ ధర వేసినవారికి పని దక్కుతుంది. ఆ కాంట్రాక్టరు ఒక చిత్రకారుణ్ణి మాట్లాడుకుంటాడు. ఫలానా పండగలోగా, ఫలానా పెద్దల పర్యటనలోగా ముగించాలని గడువు పెడతారు. ఈ లెక్కలో డబ్బు గీసిన అడుగుకే. వాడలో నలుగురి దగ్గర కూర్చుని కథ వినడానికి, నమూనా గీసి చూపించడానికి, వాళ్లు కాదంటే మళ్లీ గీయడానికి పైసా లేదు. అందుకని చిత్రకారుడు ఫోనులో ఉన్న బొమ్మల్లోంచే ఒకటి ఎంచుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. రెక్కల మీద బతికే మనిషి కూలి లేని పని ఎన్నాళ్లు చేస్తాడు?

మన దగ్గరే ఇంకో పద్ధతి ఉండేది. అది ఎలా నడిచిందో కాస్త వివరంగా చూడాలి.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీలు (బొమ్మలు గీయడమే వృత్తిగా ఉన్న కుటుంబాలు) గుడ్డ మీద వేసే పటాల్ని ఇవాళ మనం హస్తకళల దుకాణాల్లో, డ్రాయింగ్ రూముల్లో చూస్తున్నాం. అవి పుట్టింది గోడకు తగిలించుకోవడానికి కాదు, కథ చెప్పడానికి. తెలంగాణలో చాలా కులాలకు తమదైన పురాణం ఉంది. దాన్ని చెప్పేది ఆ కులంవారు కారు, వారి ఆశ్రిత కులం (ఒక కులాన్నే అడిగి, ఆ కులం కథే చెప్పి బతికే కుటుంబాలు). పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివారు చెబుతారు. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగలవారు చెబుతారు. చాకలివారికి మడేలు పురాణం పటంవారు, మాదిగలకు జాంబపురాణం డక్కలివారు చెబుతారు. ఏ కుటుంబం ఏయే ఊళ్లలో కథ చెప్పుకోవాలన్నది కూడా మిరాశీ (తాతల నాటి నుంచి వచ్చే హక్కు) ప్రకారం నడిచేది.

కొత్త పటం కావలసివచ్చినప్పుడు కథకుడు నకాశీ ఇంటికి వెళ్లి చేయించుకునేవాడు. ఇక్కడే అసలు సంగతి ఉంది. పటం చేయించుకునేవాడు కథ తెలిసినవాడు. ఏ ఘట్టం తర్వాత ఏది రావాలో, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో, ఏ బొమ్మ దగ్గర తాను ఆగి పాట ఎత్తుకుంటాడో అతనికి తెలుసు. నకాశీ ఇంట్లోనూ ఆ కథలు తండ్రుల నుంచి వచ్చినవే. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు. అప్పుడు రంగు పట్టే నేల తయారవుతుంది. ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు, బొమ్మల వెనక నిండా ఎరుపు. పైనుంచి కిందికి అడ్డ వరసలుగా ఘట్టాలు వస్తాయి. వరసకూ వరసకూ మధ్య పూలతీగ అంచు ఉంటుంది. దాదాపు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు ఉండే ఆ గుడ్డను వేలాడదీసి, వరస తర్వాత వరస విప్పుతూ కథ నడిపేవారు.

ఎదుట కూర్చుని చూసేది ఎవరు? ఆ పురాణం ఎవరిదో వాళ్లే. మగ్గం తెలిసినవాడి ముందు మగ్గం తప్పుగా గీస్తే దాగదు. కథకుడికి సంభావన ఇచ్చేదీ వాళ్లే. అంటే కథ సొంతదారు, చెప్పేవాడు, గీసేవాడు ముగ్గురూ ఒకే గొలుసులో ఉన్నారు. తప్పు జరిగితే అది తిరిగి నకాశీ దాకా వెళ్లే దారి ఉంది.

ఆ రోజులు బంగారం అనడం లేదు. ఈ ఏర్పాటంతా కులం మీద నిలిచింది. అంటరానివారికే అంటరానివారుగా డక్కలివారిని ఉంచిన సమాజం అది. దాన్ని తిరిగి తెచ్చుకోవలసిన పని లేదు. మనం గమనించవలసింది పని నడిచిన వరస ఒక్కటే. అక్కడ ముందు కథ, తర్వాత బొమ్మ, ఆ తర్వాత కథ గలవారి మెప్పు. ఇప్పటి టెండరులో ముందు గోడ, తర్వాత గడువు, ఆ తర్వాత ధర. కథ చివర్లో, మిగిలిన జాగాలో.

కథ గలవారిని అడగకపోతే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. గోడను ఎవరూ పట్టించుకోరు, అంతే. కొన్నిసార్లు మాత్రం చాలా అవుతుంది. హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ మీద 1980లలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా నిలబెట్టింది. కవులు, రాజులు, సంస్కర్తలు ఒకే చోట కనిపించే అలాంటి వీధి దేశంలో అరుదు. కానీ ఎవరిని ఎంచాలన్నది పైనే తేలింది. తెలంగాణ ప్రముఖులకు తగిన చోటు లేదన్న బాధ ఏళ్ల తరబడి మిగిలింది. 2011 మార్చి 10న, తెలంగాణ రాష్ట్ర ఉద్యమంలో భాగంగా జరిగిన మిలియన్ మార్చ్ రోజున ఆ విగ్రహాల్లో చాలావాటిని పగలగొట్టారు. తర్వాత వాటిని మళ్లీ నిలబెట్టారు. కొమరం భీం విగ్రహం కూడా ఆ కట్ట మీదికి వచ్చింది. పగలగొట్టడాన్ని నేను సమర్థించను. అందులో పోయింది శిల్పుల చేతి కష్టం కూడా. అయినా జాబితా రాసేనాడు ఒక గదిలో జరగవలసిన వాదన పాతికేళ్ల తర్వాత రోడ్డు మీద జరిగిందన్నది కాదనలేం.

వాదనను ముందే జరుపుకునే ఏర్పాటు ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉంది. 1984లో అక్కడి మేయర్ విల్సన్ గూడ్ గోడల మీద పిచ్చిరాతల్ని ఆపడానికి ఒక కార్యక్రమం పెట్టారు. అందులో చేరిన జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి రాతలు రాసే కుర్రాళ్ల చేతికే కుంచెలిచ్చింది. అదే పెరిగి మ్యూరల్ ఆర్ట్స్ అనే సంస్థ అయింది. నగరంలో ఇప్పటికి వేల గోడచిత్రాలు వేయించింది. అక్కడ చిత్రకారుడు మొదట చేసే పని ఆ పేట జనంతో కూర్చోవడం. వాళ్లు చెప్పింది విని నమూనా గీస్తాడు. మళ్లీ వాళ్ల ముందే పెడతాడు. అభ్యంతరాలు వస్తాయి, మార్పులు జరుగుతాయి. ఈ కూర్చోవడం మొహమాటానికి చేసేది కాదు, పనిలో భాగం.

గీసే తీరు కూడా జనాన్ని కలుపుకునేలాగే ఉంటుంది. చాలా చిత్రాల్ని నేరుగా గోడ మీద వేయరు. పల్చటి నేయని గుడ్డ ముక్కల మీద ఇంటి లోపల వేస్తారు. నమూనాను పెద్దది చేసి ఆ ముక్కల మీదికి ఎక్కిస్తారు. ఏ గడిలో ఏ రంగు నింపాలో అంకె వేసి ఉంచుతారు. కుంచె పట్టడం రాని పిల్లలు, ముసలివాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు కూడా వాటిని నింపుతారు. తర్వాత ఆ ముక్కల్ని వరసగా గోడకు జిగురుతో అతికిస్తారు. నిచ్చెన ఎక్కలేనివారి చెయ్యి కూడా అలా గోడకు చేరుతుంది. మన మునిసిపల్ బడుల్లో ఇది చేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు.

అక్కడా అన్నీ సాఫీగా జరగలేదు. 2004 ప్రాంతంలో గ్రేటర్‌ఫోర్డ్ జైల్లోని ఖైదీలను, నేరాల వల్ల నష్టపోయిన కుటుంబాలను కలిపి ఒక గోడచిత్రం చేయాలనుకున్నారు. ఇద్దరికీ ఒకే నమూనా నచ్చలేదు. ఖైదీలకు పశ్చాత్తాపం కనబడాలి. బిడ్డను పోగొట్టుకున్నవారికి తమ దుఃఖం ముందు కనబడాలి. చివరికి రెండు గోడలు వేశారు. ఒకటి బాధితుల ప్రయాణం, ఒకటి ఖైదీల ప్రయాణం. నాకు ఇది ఓటమిగా అనిపించదు. ఒక చోటి కథ ఒక్కటే ఉంటుందన్న నియమం లేదు. మన ఊళ్లలో దేవుడి ఊరేగింపు గురించి ఊరు చెప్పే కథ వేరు, వాడ చెప్పే కథ వేరు. రెంటినీ నలిపి ఒక్క బొమ్మ చేస్తే సాధారణంగా వాడ మాటే పోతుంది.

ఇక పని అప్పగించేటప్పుడు రాసుకునే ఒప్పంద పత్రం సంగతి. ఇందులో గీసినవారి హక్కు ఒకటి, కథ ఇచ్చినవారి హక్కు ఒకటి ఉన్నాయి. మొదటిదానికి మన చట్టంలో కొంత రక్షణ ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పికి 1957లో ప్రభుత్వం ఒక కంచు కుడ్యశిల్పం పని అప్పగించింది. దాదాపు 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. 1962లో దాన్ని నిలబెట్టారు. 1979లో భవనం మార్పుల్లో పీకి, గోదాములో పడేశారు. శిల్పికి మాట కూడా చెప్పలేదు. ముక్కలు కొన్ని పోయాయి. ఆయన 1992లో కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాల్ని ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. దీనికి ఆధారం కాపీరైటు చట్టంలోని 57వ సెక్షన్. డబ్బు తీసుకుని కృతిని అప్పగించినా, దాన్ని చెడగొడితే అడిగే హక్కు కర్తకు మిగిలే ఉంటుందని అది చెబుతుంది.

కథ ఇచ్చినవారికి అలాంటి సెక్షన్ లేదు. చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు (ఆ పేరుతో ఇంకొకచోటి సరుకు అమ్మకుండా ఆపే రక్షణ) వచ్చింది. అది పటం పేరును కాపాడుతుంది. పటంలోని జాంబపురాణాన్ని కాపాడదు. ఆ పురాణాన్ని ఎవరైనా గోడ మీద వేయవచ్చు, ఎలాగైనా మార్చవచ్చు. చట్టం పట్టించుకోని చోట ఒప్పందమే దిక్కు. కథ ఎవరి దగ్గర విన్నారో పేరు రాయాలి. విన్నందుకు వారికి రుసుము ఇవ్వాలి. నమూనా వారికి చూపించాకే రంగు మొదలవ్వాలి. చిత్రాన్ని చెరిపే ముందు చిత్రకారుడికీ వారికీ నోటీసు వెళ్లాలి. ఈ నాలుగూ ఒక పేజీలో పడతాయి.

డబ్బెక్కడిది అని కమిషనర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఖర్చు కొత్తగా పుట్టించనక్కరలేదు, ఉన్న అంచనాలోనే వేరే పద్దుగా రాయవచ్చు. నాలుగు గోడలకు బదులు మూడు గోడలే తీసుకుంటే నాలుగో గోడ రంగు ఖర్చు వినడానికి, నమూనాకు, దిద్దుబాటుకు వస్తుంది. చదరపు అడుగు లెక్క తగ్గుతుంది కాబట్టి ఆడిట్‌లో ప్రశ్న రావచ్చు. అందుకే ఆ పద్దును మొదటే, పేరు పెట్టి చూపించాలి.

ఇంకో పద్దు నిర్వహణ. తెలుగు నేల ఎండలో పడమటి గోడ ముందు వెలుస్తుంది. పునాది నుంచి చెమ్మ ఎక్కే గోడల్లో ఉప్పు బయటికి తోసుకొచ్చి రంగు పెచ్చులుగా ఊడుతుంది. అలాంటి గోడకు ముందు చెమ్మ ఆపే పని చేయించకుండా బొమ్మ వేయించడం డబ్బు దండగ. ఏటా ఒకసారి ఎవరు చూస్తారు, పెచ్చు ఊడితే ఎవరు పూస్తారు అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి.

వినే పనికి గోడ దొరికేదాకా ఆగనక్కరలేదు. కూనపులి, కాకిపడగల, డక్కలి కుటుంబాల్లో కథ మొత్తం చెప్పగలిగినవారు తగ్గిపోతున్నారు. చాలామంది పెద్దవయసువారు. వారి పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు. జిల్లా గ్రంథాలయ సంస్థలో మునిసిపాలిటీ సొమ్ముతో వారి చేత కథ పూర్తిగా చెప్పించి రికార్డు చేయవచ్చు. రుసుము ఇచ్చి, ఏ భాగం బయటపెట్టవచ్చో ఏది వద్దో వారినే అడిగి రాసుకోవాలి. తర్వాత గోడకు టెండరు పిలిచినప్పుడు ఆ రికార్డును, కథకుడి చిరునామాను షరతుల పత్రానికి జతచేయవచ్చు. అప్పుడు గీసేవాడు ఫోనులో వెతుక్కునే అవసరం ఉండదు.