ఫ్లీల నిర్మూలన

ఫ్లీలు సైఫొనాప్టెరా క్రమమునకు చెందిన రెక్కలు లేని చిన్న కీటకములు. ఇవి క్షీరదముల, పక్షుల రక్తము త్రాగి జీవిస్తాయి. పెంపుడు జంతువుల నుండి, ఇంటి నుండి వీటిని తొలగించుటను ఫ్లీల నిర్మూలన అంటారు. హైదరాబాదు తూర్పు భాగమున ఉప్పల్, నాచారంల సమీపాన గల హబ్సిగూడ వంటి ప్రాంతములలో పాత సొంత ఇళ్ళు, కొత్త అపార్టుమెంట్లు పక్కపక్కనే ఉంటాయి. ఇళ్ళలో పెరిగే కుక్కలు, పిల్లులే కాక సెల్లార్లలో తలదాచుకొనే వీధి జంతువులు, మురుగు కాలువల వెంట తిరిగే పందికొక్కులు కూడ వీటిని మోస్తాయి. ఆంగ్లములోని బాండికూట్ అనే మాట తెలుగు పందికొక్కు నుండి పుట్టినదే. జంతువుకు మందు వేసి ఇంటిని వదిలివేయుట వలననే ఈ సమస్య తరచుగా మళ్ళీ మొదటికి వస్తుంది.

గుర్తింపు

తెలుగువారి వాడుకలో పేను, గోమారి, పిడుదు అనే మాటలు ఒకదానికి బదులు మరొకటి వినిపిస్తాయి. కుక్క మీద కనిపించిన ప్రతి పురుగునూ కుక్క పేను అనుట కూడ సాధారణము. కాని చికిత్స, ముఖ్యముగా ఇంటిలో వెతకవలసిన చోటు, పురుగును బట్టి మారుతుంది. హైదరాబాదులో కుక్కల చెవులలో, కాలి వ్రేళ్ళ మధ్య గట్టిగా పట్టుకొని, రక్తము త్రాగి బఠాణీ గింజ వలె ఉబ్బి కనిపించేది చాలా వరకు పిడుదు. దానికి ఎనిమిది కాళ్ళు ఉంటాయి, అది ఎగరలేదు. అది గోడల పగుళ్ళలో, తలుపు చట్రముల వెనుక గుడ్లు పెడుతుంది. ఫ్లీకి ఆరు కాళ్ళు. పొడవు సుమారు 1.5 నుండి 3 మిల్లీమీటర్లు. రంగు ముదురు గోధుమ. ఇరుప్రక్కల నుండి నొక్కినట్లు సన్నగా ఉండుట వలన వెంట్రుకల మధ్య వేగముగా పరుగెత్తుతుంది, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. దీని సంతానము పెరిగేది నేల మీద.

ఫ్లీ కంటికి చిక్కకున్నా దాని విసర్జనము దొరుకుతుంది. జంతువు తోక మొదట, నడుము మీద సన్నని పళ్ళ దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని పొడిని తడిపిన తెల్ల గుడ్డపై వేయాలి. పొడి చుట్టూ ఎర్రని మరక వ్యాపిస్తే అది ఫ్లీ విసర్జించిన రక్తము. మరక రానిచో అది మామూలు మట్టి.

భారతదేశములో కుక్కల మీద, పిల్లుల మీద టెనోసెఫాలిడిస్ ప్రజాతికి చెందిన ఫ్లీలు కనిపిస్తాయి. పిల్లి ఫ్లీ అనే పేరు ఉన్నంత మాత్రాన టెనోసెఫాలిడిస్ ఫెలిస్ పిల్లులకే పరిమితము కాదు, కుక్కలనూ మనుషులనూ కుడుతుంది. మనుషులకు ఎక్కువగా చీలమండల దగ్గర వరుసగా ఎర్రని దద్దుర్లు వస్తాయి.

జీవిత చక్రము

ఆడ ఫ్లీ రక్తము త్రాగిన తరువాత రోజుకు 40 వరకు గుడ్లు పెడుతుంది. పేను గుడ్ల వలె ఇవి వెంట్రుకలకు అంటుకొని ఉండవు. నున్నగా ఉండి, జంతువు పడుకున్న చోట, నడిచిన చోట రాలిపోతాయి. కొద్ది రోజులలో వాటి నుండి పురుగు వంటి డింభకములు వెలువడి, వెలుతురుకు దూరముగా దివాన్ క్రింద, కాలిపట్టాల అడుగున, సోఫా మడతలలో దాగుతాయి. వాటి ముఖ్యాహారము పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండిన రక్తమే. గ్రానైటు, టైల్సు పరచిన నేలలు రోజూ తుడిచే ఇళ్ళలో వీటికి చోటు తక్కువ. పాత ఇళ్ళలోని షాబాదు బండల సందులు మాత్రము వీటికి చక్కని ఆశ్రయములు.

డింభకము పట్టు వంటి దారముతో గూడు అల్లుకొని ప్యూపాగా మారుతుంది. ఆ గూటికి దుమ్ము, ఇసుక అంటుకొనుట వలన అది కంటికి కనిపించదు, పురుగుమందు కూడ లోపలికి సరిగా చేరదు. అనుకూల వాతావరణములో గుడ్డు నుండి ఫ్లీ వరకు రెండు మూడు వారములు చాలు. అయితే గూటిలో తయారైన ఫ్లీ కొన్ని నెలల పాటు బయటికి రాకుండా వేచి ఉండగలదు. అడుగుల అదురు, శరీరపు వేడి, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు తగలగానే వెలువడుతుంది. దసరా సెలవులకు ఊరు వెళ్ళి తిరిగి వచ్చినవారిపై, పిల్లిని పెంచినవారు ఖాళీ చేసిన వాటాలో అద్దెకు దిగినవారిపై మొదటి రోజే ఫ్లీలు గుంపుగా దూకుటకు కారణము ఇదే. ఇల్లు కొన్నాళ్ళు తాళము వేసి ఉంచితే ఫ్లీలు చచ్చిపోతాయనే నమ్మకము ఈ విధముగా దెబ్బ తింటుంది.

గాలిలో తేమ 50 శాతము కంటె తగ్గినా, ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటినా డింభకములు బ్రతకవు. కనుక హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఎండ బయటి నేలపై వీటిని బాగా తగ్గిస్తుంది. వానాకాలము, దాని తరువాతి వారములు వీటికి అనుకూలము.

వ్యాధులు, ప్లేగు చరిత్ర

ఫ్లీ కాటు వలన కొన్ని కుక్కలకు, పిల్లులకు ఎలర్జీ కలిగి, గోకి గోకి నడుము మీద వెంట్రుకలు ఊడిపోతాయి. ఎక్కువ ఫ్లీలు పట్టిన చిన్న కుక్కపిల్లలు, పిల్లిపిల్లలు రక్తహీనతతో చనిపోవచ్చును. డిపిలిడియం కానినం అనే బద్దెపురుగు డింభకములు ఫ్లీలో పెరుగుతాయి. తనను తాను నాకుకొంటూ ఫ్లీని మింగిన జంతువుకు ఆ పురుగు పడుతుంది. నేలపై ఆడుకొనే పసిపిల్లలకు కూడ అరుదుగా ఇలాగే వస్తుంది. ఎలుక ఫ్లీల వలన మ్యూరిన్ టైఫస్ అనే జ్వరము వస్తుంది.

వీటన్నిటి కంటె పెద్దది ప్లేగు. 1898లో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో చేసిన ప్రయోగము ద్వారా ప్లేగు ఒక ఎలుక నుండి మరొక ఎలుకకు ఫ్లీల ద్వారా చేరుతుందని చూపించాడు. అప్పట్లో దానిని నమ్మినవారు తక్కువ. బొంబాయిలో 1905 నుండి పని చేసిన ప్లేగు పరిశోధక సంఘము దానిని నిర్ధారించినది. హైదరాబాదు నగరమును 1911లో ప్లేగు పీడించినది. మరుసటి సంవత్సరము, 1912లో, నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. 1908 నాటి మూసీ వరదలతో పాటు ఈ ప్లేగు కూడ ఇరుకు వాడలను తొలగించే ఆలోచనకు దారి తీసినది. హబ్సిగూడకు కొద్ది దూరములోని నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని పాతవారు కోరంటి దవాఖానా అంటారు. అంటురోగులను వేరుగా ఉంచుటను తెలిపే క్వారంటైన్ అనే మాటయే ప్రజల నోట కోరంటి అయినది.

ఈ చరిత్ర నుండి ఇంటికి పనికివచ్చే విషయము ఒకటి కలదు. ఎలుక చనిపోయి చల్లబడగానే దాని ఫ్లీలు వేరొక వెచ్చని శరీరమును వెతుక్కుంటాయి. కాబట్టి ఫ్లీలు ఉన్న ఇంటిలో ఎలుకల మందు పెట్టుటకు ముందే, లేదా దానితో పాటే, ఫ్లీల సంగతి చూడాలి.

నిర్మూలన పద్ధతులు

ఇంటిలోని కుక్కలకు, పిల్లులకు అన్నిటికీ ఒకే రోజు చికిత్స చేయాలి. ఒక్కటి మిగిలినా గుడ్లు రాలుతూనే ఉంటాయి. స్నానము, దువ్వెన అప్పటికి ఉన్న ఫ్లీలను మాత్రమే తగ్గిస్తాయి. దువ్వెనలో చిక్కిన వాటిని సబ్బు నీటిలో వేస్తే మునిగి చస్తాయి. ఎక్కువ రోజులు పని చేసేవి మెడ వెనుక చర్మముపై వేసే ఫిప్రోనిల్, సెలామెక్టిన్ వంటి చుక్కల మందులు, కుక్కలకు నోటి ద్వారా ఇచ్చే ఫ్లురలనర్, అఫాక్సొలనర్ వంటి మాత్రలు. మందును జంతువు బరువును, వయసును బట్టి పశువైద్యుడు నిర్ణయించాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల కలదు.

ఇంటిలో మందు కంటె ముందు చేయవలసినది శుభ్రత. జంతువు పడుకొనే గుడ్డలను, బొంతలను వారమునకొకసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతికి, డాబాపై ఎండలో ఆరవేయాలి. వానాకాలములో ఎండను నమ్ముకొనుట కుదరదు, వేడి నీరే ముఖ్యము. బండల సందులను, మంచముల క్రింది భాగమును వాక్యూమ్ క్లీనరుతో లాగి, ఆ దుమ్మును మూత గట్టిగా కట్టి వెంటనే పారవేయాలి. వాక్యూమ్ అదురుకు గూళ్ళలోని ఫ్లీలు బయటికి వచ్చి మందుకు చిక్కుట అదనపు లాభము. తీవ్రముగా ఉన్నచోట మెథోప్రీన్, పైరిప్రాక్సిఫెన్ వంటివి వాడతారు. ఇవి గుడ్లను, డింభకములను పెరగనివ్వవు. ప్యూపాలను మాత్రము ఇవి కూడ ఆపలేవు.

అందువలన చికిత్స మొదలైన తరువాత కూడ కొన్ని వారముల పాటు కొత్త ఫ్లీలు కనిపిస్తాయి. మందు పనిచేయలేదని చాలామంది ఇక్కడే మానివేస్తారు. కనీసము మూడు నెలలు విడువకుండా కొనసాగించాలి. అపార్టుమెంటు సెల్లారులో వీధి పిల్లులు పడుకొనే పాత పరుపులు, ఇసుక కుప్పలు అలాగే ఉంటే పై అంతస్తులలో చేసిన పని నిలువదు. వాటిని తొలగించుట అందరూ కలిసి చేయవలసిన పని.

ప్రమాదకరమైన పద్ధతులు

కుక్కల కొరకు తయారైన పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడూ వేయరాదు. పిల్లి కాలేయము దానిని విరిచివేయలేదు. కొన్ని గంటలలో వణుకు, మూర్ఛలు వచ్చి పిల్లి చనిపోవచ్చును. మందు వేసిన కుక్క ఒంటిని నాకినా, ఆనుకొని పడుకున్నా ఈ ప్రమాదము కలదు. పొరపాటున తగిలితే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో కడిగి, లక్షణముల కొరకు వేచి ఉండక వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

పశువుల పిడుదులకు వాడే గాఢమైన డెల్టామెత్రిన్ ద్రావణమును, పంటల పురుగుమందులను అంచనాగా నీటిలో కలిపి కుక్కకు పూయుట మన ప్రాంతములో కనిపించే మరొక అలవాటు. ఇది జంతువుకే కాక పూసినవారికీ హానికరము. కిరోసిన్ చర్మమును కాలుస్తుంది, నాకినచో ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఫినాయిలు, కలరా ఉండలు పిల్లులకు విషము. ఒకప్పుడు ఇంటింటా చల్లిన గమాక్సిన్ పొడి లోని బి.హెచ్.సి.ని భారత ప్రభుత్వము 1997లో నిషేధించినది. పాత డబ్బాలు దొరికినా వాడరాదు. వేపనూనె కొంత వరకు ఫ్లీలను వికర్షిస్తుంది కాని, పట్టిన ఫ్లీలను పూర్తిగా తొలగించుటకు అది చాలదు.