యాగంటి గుహలు, జపాన్ క్యాసెట్లు

1990లలో బనగానపల్లె, నంద్యాల, కోయిలకుంట్ల లాంటి ఊళ్ళలో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే ఒక ప్లాస్టిక్ పెట్టె, తీగలున్న రెండు రిమోట్లు, పసుప్పచ్చటి క్యాసెట్ ఒకటి. పెట్టె మీద లిటిల్ మాస్టర్ అనో, మీడియా అనో రాసి ఉండేది. పేరు ఏదైనా లోపలున్నది నకలే. జపాన్ కంపెనీ నింటెండో 1983 జూలైలో విడుదల చేసిన ఫామికామ్ యంత్రాన్ని చూసి చేసినది. క్యాసెట్ మీద 9999 ఆటలని అచ్చేసినా, తీరా పెడితే కొన్ని పదుల ఆటలే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అయినా పిల్లలకు అదే పండగ. మారియో ఏ ఇటుకను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొస్తుందో, కాంట్రాలో ముప్పై లైఫులు రావాలంటే ఏ మీటలు ఏ వరసలో నొక్కాలో ఆ తరానికి నోటికొచ్చు.

అదే యంత్రం కోసం జపాన్‌లో ఇంకో జాతి ఆటలు పుట్టాయి. అరగంటలో అయిపోయేవి కావు. వారాల తరబడి ఆడాలి. వాటిలో స్టేజీలు ఉండవు, ఒక దేశమే ఉంటుంది: అడవులు, ఎడారులు, ఊళ్ళు, నేలమాళిగలు. యాక్షన్ అడ్వెంచర్ రోల్ ప్లేయింగ్ గేమ్ అని ఆటగాళ్ళు పిలుచుకునే ఆ రకం, మన ఊళ్ళకొచ్చిన పసుప్పచ్చ క్యాసెట్లలో దాదాపు లేదు. మారియోను ఎరిగిన మన పిల్లలు, ఆ మారియోను సృష్టించిన మనిషే చేసిన జెల్డా అనే ఆటను ఎరగకుండానే పెద్దవాళ్ళయిపోయారు.

ఈ ఆట ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు చెప్పాలంటే పాతాళభైరవిని గుర్తు చేస్తే చాలు. 1951లో ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రిలో పుట్టినవారు, అంటే ఈ ప్రాంతానికి పొరుగువారే. కథానాయకుడు తోటరాముడు రాజకుమారుడేమీ కాదు, తోటలో పనిచేసే కుటుంబంలోని కుర్రాడు. రాకుమారిని కోరుకున్నాడు కాబట్టి సిరిసంపదలు సంపాదించుకు రావాలి. నేపాళ మాంత్రికుడి వెంట బయల్దేరతాడు, గుహలో దిగుతాడు, ఒక్కో ఆపదను తన చేతులతోనే దాటతాడు, వరాలిచ్చే బొమ్మను దక్కించుకుంటాడు, దాన్ని పోగొట్టుకుని మళ్ళీ సాధిస్తాడు. చేతి చురుకుతో చేసే పోరాటం ఇందులో యాక్షన్. గుహలు, చిక్కుముళ్ళు, మహిమగల వస్తువులు అడ్వెంచర్. ఏమీ లేని కుర్రాడు పరీక్ష పరీక్షకూ బలం పెంచుకుంటూ పోవడం రోల్ ప్లేయింగ్. సినిమాలో ఆ దారి ముందే గీసి ఉంటుంది. ఆటలో మాత్రం ఎటు పోవాలో ఆడేవాడే వెతుక్కోవాలి.

ఈ జాతికి దారి వేసిన ఆట 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా'. 1986 ఫిబ్రవరి 21న జపాన్‌లో విడుదలైంది. దాన్ని రూపొందించిన షిగెరు మియమోటో క్యోటో దగ్గర సోనొబె అనే పల్లెటూరి వాడు. చిన్నతనంలో కొండల్లో తిరుగుతూ ఒక గుహ నోరు చూశాడు. మొదట భయపడ్డాడు. తర్వాత ఒకరోజు లాంతరు పట్టుకుని లోపలికి దిగాడు. ఆ భయాన్నీ ఆ కుతూహలాన్నీ తెర మీద మళ్ళీ కలిగించాలన్నదే తన కోరిక అని పెద్దయ్యాక చాలాసార్లు చెప్పాడు. జెల్డా మొదలవగానే కనిపించే మొదటి తెరలో ఉన్నది కూడా గుహే. ఆయుధం ఏదీ లేని చిన్నవాడొకడు నిలబడి ఉంటాడు, ఎదురుగా కొండలో ఒక నల్లటి రంధ్రం. లోపలికి వెళితే ఒక ముసలాయన చెక్క కత్తి ఇస్తాడు. వెళ్ళమని ఎవరూ చెప్పరు. వెళ్ళకపోతే కత్తి లేదు.

అక్కడి నుంచి అడ్డంగా పదహారు, నిలువుగా ఎనిమిది, మొత్తం 128 తెరల దేశం తెరుచుకుంటుంది. దాని అడుగున తొమ్మిది నేలమాళిగలు. కొన్ని గోడల్ని బాంబు పెట్టి పగలగొట్టాలి, కొన్ని పొదల్ని తగలబెట్టాలి, అప్పుడే రహస్య ద్వారాలు బయటపడతాయి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. బడిలో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటూ ఛేదించాలన్నదే దాన్ని చేసినవాళ్ళ ఉద్దేశం కూడా. ప్రపంచమంతటా 65 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

బనగానపల్లెలో పెరిగిన పిల్లవాడికి ఈ ఆట చేతికందకపోవడం బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఈ భూగోళం మీద ఆ మొదటి తెరను చూసి కొత్త అనుకోని పిల్లలు ఎవరన్నా ఉన్నారంటే ఈ చుట్టుపక్కల వాళ్ళే. యాగంటిలో ఉమామహేశ్వరుణ్ణి చూసుకుని, కోనేటిలో మునిగి, పక్కనున్న కొండ గుహల్లోకి మెట్లెక్కని కుటుంబం ఈ సీమలో అరుదు. అగస్త్యుడి గుహకు మెట్లు నిటారుగా ఉంటాయి. వేంకటేశ్వర గుహ ఒకటి, వీరబ్రహ్మం గుహ ఒకటి. బయట నంది ఏటికేడాది పెరుగుతోందని భక్తుల నమ్మకం. బనగానపల్లె దగ్గరే రవ్వలకొండ ఉంది. గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవులు కాస్తూ వీరబ్రహ్మేంద్రస్వామి ఆ కొండగుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని ఇంటింటా చెప్పుకునే కథ. ఆవులు ఎక్కడికీ పోకుండా వాటి చుట్టూ గీత గీసి వెళ్ళేవాడట. ఆట రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అవుకు దాటి కొలిమిగుండ్ల వైపు వెళితే బెలూం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన రాతల్లో ఈ గుహలను ప్రస్తావించాడు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1980ల తొలి ఏళ్ళలో, డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం దిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సున్నపురాయి పగుళ్ళలోకి దిగిన నీళ్ళు లక్షల ఏళ్ళు రాయిని కరిగించి చేసిన దారులివి. దారులు చీలతాయి, ఇరుకవుతాయి, ఒక్కసారిగా పెద్ద హాలులోకి తెరుచుకుంటాయి. లోపలి చోట్లకు ఉన్న పేర్లు ఎవరో ఆట కోసం పెట్టినట్టే ఉంటాయి: కోటిలింగాలు, మాయా మందిరం, సప్తస్వరాల గుహ, అన్నిటికన్నా లోతున పాతాళగంగ. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్ళను కర్రతో తాకితే పలుకుతాయి. ఏ రాయి తర్వాత ఏది మోగిస్తే ద్వారం తెరుచుకుంటుందో కనిపెట్టమనే చిక్కుముడి అక్కడ తనంతట తనే తయారై ఉంది.

మరి జెల్డా మన ఊళ్ళకు ఎందుకు రాలేదు? కారణాలు రెండు. మొదటిది ఒక చిన్న బ్యాటరీ. వారాల తరబడి ఆడే ఆటకు జ్ఞాపకం కావాలి, నిన్న ఎక్కడ ఆపామో ఈరోజు అక్కడి నుంచి మొదలుపెట్టగలగాలి. 1987లో అమెరికాలో అమ్మిన బంగారు రంగు జెల్డా క్యాసెట్ లోపల, ఆ పని కోసమే, చేతి గడియారంలో వేసేలాంటి గుండ్రటి సెల్ ఒకటి అతికించారు. యంత్రాన్ని ఆపేసినా ఒక చిన్న మెమరీ చిప్‌కు అది కరెంటు అందిస్తూ, సంపాదించిన కత్తుల్నీ ప్రాణాల్నీ గుర్తుంచుకుంటుంది. ఆపేటప్పుడు కూడా రీసెట్ మీట నొక్కి పట్టుకుని మరీ ఆపాలి, లేదంటే దాచినదంతా చెరిగిపోయే ప్రమాదం ఉండేది. చవక నకలు క్యాసెట్లు చేసేవాళ్ళు ఆ సెల్‌కూ చిప్‌కూ అయ్యే ఖర్చు ఎందుకు పెడతారు? పెట్టలేదు. మనకొచ్చిన ఆటలన్నీ మొదలుపెట్టిన పూటే ముగించాల్సినవి. సాయంత్రం ఎనిమిదో స్టేజిలో ఉండగా కరెంటు పోతే, వచ్చాక మళ్ళీ మొదటి స్టేజి నుంచే. సీమ పిల్లలకు ఆ దుఃఖం బాగా తెలుసు.

రెండో కారణం అక్షరాలు. కాంట్రా ఆడటానికి చదువు అక్కర్లేదు. రోల్ ప్లేయింగ్ ఆటలో ఊరివాళ్ళు చెప్పే మాటల్లోనే దారి ఉంటుంది, అవి జపనీసులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. జపాన్‌వాళ్ళకు కూడా ఇది సులువుగా కుదరలేదు. ఫామికామ్ తెరను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు ఉన్న గడులుగా పరుస్తుంది. ఒక్కో గడిలో ఒక అక్షరం పట్టాలి. అక్షరం నెత్తిన పెట్టే చిన్న గుర్తులకు చోటు చాలక వాటిని పై వరసలో వేరే గడిలో వేసేవారు. 1986 మే నెలలోనే వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటలో క్యాసెట్ చోటు మిగల్చడానికి కటకానా లిపిలోని అక్షరాల్లో కొన్నిటిని మాత్రమే ఉంచుకుని, వాటితో రాయగలిగిన పేర్లే రాక్షసులకు పెట్టారు. అందులో బ్యాటరీ కూడా లేదు. ఆట ఆపేముందు ఇరవై అక్షరాల మంత్రం ఒకటి తెర మీద కనిపిస్తుంది, పిల్లలు దాన్ని నోటు పుస్తకంలో ఎక్కించుకుని, మర్నాడు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. రెండో భాగానికి ఆ మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే నెలల కష్టం గాలికి.

యంత్రాలు బలపడ్డాక ఈ జాతి వికసించింది. 1993లో సూపర్ ఫామికామ్ కోసం వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ మానా'లో ముగ్గురు కలిసి ఒకే తెర మీద ఆడవచ్చు. దాని ప్రోగ్రామ్ రాసిన నాసిర్ గెబెల్లి ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో స్థిరపడి, జపాన్ కంపెనీకి పనిచేశాడు. జపాన్‌వాళ్ళ ఫాంటసీ ఆట అని అందరూ చెప్పుకునేదాని నరాలు ఒక ఇరానీ కూర్చినవి.

తెలుగు గడ్డ మీద కూడా ఒక ప్రయత్నం జరిగింది. హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' అనే యాక్షన్ అడ్వెంచర్ ఆటను తయారు చేస్తే, సోనీ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. కన్సోల్ కోసం పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి ఆటగా దానికి పేరు. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్ళు దాటింది, కానీ మన మధ్యతరగతి ఇళ్ళలో చవకైన పాత యంత్రానిదే రాజ్యం. ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడైన ప్లేస్టేషన్ 2 తయారీని సోనీ 2013లో గానీ ఆపలేదు. హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర, అదే 2009లో, కబడ్డీ లాంటి మన ఆటలతో 'దేశీ అడ్డా' తెచ్చింది.

హనుమంతుడి ఆట మీద అభ్యంతరం వచ్చింది. అమెరికాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్, కోట్లమంది పూజించే దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడం కించపరచడమేనని, ఆటను వెనక్కి తీసుకోవాలని కోరాడు. ఆ బాధలో నిజాయితీ ఉంది. అయితే ఆట కోణం నుంచి చూస్తే హనుమంతుడి కథలో ఈ జాతికి సరిగ్గా సరిపోయే ఘట్టం ఒకటి ఉంది. చిన్నప్పుడు మునుల శాపం వల్ల ఆయన తన బలాన్ని తానే మరచిపోతాడు. జాంబవంతుడు గుర్తు చేసేదాకా సముద్రం దాటగలనని ఆయనకే తెలియదు. ఉన్న శక్తి ఒక్కొక్కటిగా తిరిగి గుర్తుకు రావడమే ఆటగా మలిస్తే ఎంత బాగుంటుంది! ఎంత కాదన్నా దేవుణ్ణి ఓడించి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమనడం తెలుగు ఇళ్ళలో ఇబ్బందే. ఆ ఇబ్బంది తోటరాముడికి లేదు. ఓడిపోగల మనిషే ఈ ఆటలకు తగిన నాయకుడు. మన జానపద సినిమాలకూ చందమామ కథలకూ ప్రాణం పోసింది అలాంటి మనుషులే. వాళ్ళను వదిలేసి నేరుగా పురాణాల్లోకి వెళ్ళడం ఒక మంచి దారిని చూసుకోకపోవడమే.

ఈరోజు ఆ దారిలో నడవడానికి పెద్ద కంపెనీ అక్కర్లేదు. జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, 1989 నాటి గేమ్ బాయ్ యంత్రం మీద నడిచే ఆటను మామూలు ల్యాప్‌టాప్‌లో తయారు చేయవచ్చు. ప్రోగ్రామింగ్ రాకపోయినా సరే. నాపరాళ్ళు పరిచిన వీధులు, మామిడి తోటలు, అరుంధతి సినిమా తీశాక ఊరూరా తెలిసిన నవాబు బంగళా, దాని అవతల కొండలు, కొండల్లో గుహలు: బనగానపల్లె పటమే సగం ఆట. తెలుగు అక్షరాలకు మాత్రం చిన్న గడి చాలదు. కింద వత్తు, పైన గుడి పెట్టాలంటే గడులు నాలుగు కలిపి పదహారు చుక్కల చదరం చేసుకోవాలి. గేమ్ బాయ్ తెర వెడల్పు 160 చుక్కలే కాబట్టి వరసకు పది అక్షరాలకు మించి పట్టవు. మాటలు పొట్టిగా ఉండక తప్పదు. సీమ మాటకు అది కష్టమేమీ కాదు. గుహ నోటి దగ్గర కూర్చున్న ముసలాయన ఆడేవాణ్ణి "యాడికి పోతాండావు?" అని అడిగితే, సున్నా, మధ్యలో ఖాళీ, ప్రశ్నార్థకం లెక్కేసినా, సరిగ్గా పది గడులు.